వేటకుక్కకు పిలుపు నేర్పుట
(రైతుల సభలో చేసిన యుపన్యాసము)



విత్తనములను గురించియు, ఎరువులను గురించియు, పశువుల వ్యాధులను గురించియు మీరు పలుమాఱు వినియున్నారు. నేడు నేను చెప్పబోవు విషయము వానితో పోల్చినచో చిన్నదిగ తోచవచ్చును. చేనికడ కావలియుండు వేటజాతి కుక్కను, అది దేనిని తరుమ నుద్దేశించుచున్నను, పిలిచినంతనే మరలి వచ్చునట్లు నేర్పుట యెట్లన్నదే నేటి విషయము. కుక్కకు పాఠము చెప్పుటకు సభ యేల యని కొందఱు నవ్వుకొనవచ్చును. కాని పిలుపునకు రాని కుక్కవలన పొరుగువాని గొఱ్ఱెపిల్ల చచ్చును. లేదా యజమాని కచేరిమెట్లెక్కవలసి వచ్చును. లేదా కుక్కయే పోవును. ఈ మూడవది నా యింటనే జరిగినది గనుక దానితోనే ప్రారంభించెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట నాకడ చుక్క యను ఆడుకుక్క యుండెను. సన్నని నడుము, లోతైన ఱొమ్ము, పొడవైన కాళ్లు గల వేటజాతిది. రాత్రులందు చేనిలోనికి అడవిపంది వచ్చినచో మొట్టమొదట లేచి మొఱుగునది అదియే. ఒకనాటి సాయంకాలము గట్టుమీద కుందేలు లేచెను. చుక్క దాని వెంటబడెను. నేను పదిసార్లు పిలిచితిని, ఇరువదిసార్లు పిలిచితిని. అది చెవిని బెట్టలేదు. అరగంట గడచిన పిమ్మట నాలుక వ్రేలాడవేసికొని, తోక యాడించుచు, తనంతట తానే వచ్చి నా కాళ్లకడ నిలిచెను. నాకు కోపము పట్టరానిదయ్యెను. చేతిలోని పలుపుతో నాలుగు దెబ్బలు వేసితిని. ఇక దానికి బుద్ధివచ్చినదని తలంచితిని.

పది దినములకు మరల అట్లే జరిగెను. ఈసారి చుక్క తిరిగివచ్చెను గాని, నాకు ఇరువది అడుగుల దూరముననే నిలిచిపోయెను. నేను ఒక అడుగు ముందునకు వేయగా అది ఒక అడుగు వెనుకకు వేసెను. నా ముఖమునే చూచుచు, తోకను కాళ్లసందున ముడుచుకొని, అట్లే వెనుకకు జరుగుచు పోయెను. ఆ వెనుక పాడుపడిన మోటబావి యున్నది. దానికి పిట్టగోడ లేదు. తాళ్లును మనుష్యులును వచ్చువఱకు అది లోపల గోడను గీరుచునే యుండెను. వారు వచ్చునప్పటికి ఆ చప్పుడు నిలిచిపోయినది.

చుక్కను చంపినది కుందేలు కాదు, బావియు కాదు. నాకడకు వచ్చినచో దెబ్బలు తగులునని దానికి నేర్పినవాడను నేనే. అది ఆ పాఠమును చక్కగ నేర్చుకొన్నది. నేటి యుపన్యాసమంతయు ఈ యొక్క మాటకు వివరణమే యని యెంచుడు: పిలుపును చెడగొట్టునది కుక్క కాదు, మనము. కావున బాగుచేయవలసినదియు మనమే.

వేటకుక్క యేల తరుమును?

వేగమునకు పేరుపొందిన కుక్కజాతులు మన దేశమున పెక్కు గలవు. కర్ణాటకమున బాగల్కోట జిల్లాలోని ముధోలు పేరిట ప్రసిద్ధిచెందిన ముధోలు కుక్క, తమిళనాటి రాజపాళయము, చిప్పిపారై, కన్ని జాతులు, ఉత్తరమున రామపూరు కుక్క అట్టివి. మన యాంధ్రతీరమున కొల్లేటి ప్రాంతమున జోనంగి యను పొట్టివెండ్రుకల కుక్క కలదు. జాతి యేదైనను, కదలుదానిని కన్నంతనే తరుముట వీని స్వభావము.

కుక్క చూపు మన చూపువంటిది కాదు. మనకు ఇరుప్రక్కలును కలిపి సుమారు 180 డిగ్రీల మేర కనబడగా, కుక్కకు సుమారు 240 డిగ్రీల మేర కనబడును. ఎఱుపును ఆకుపచ్చను అది వేఱుపఱచి చూడజాలదు. నీలమును పసుపును గుర్తించును. కదలికను పసిగట్టుటలో దాని కన్ను మిక్కిలి చుఱుకైనది. 1936వ సంవత్సరమున 14 పోలీసు కుక్కల చూపును పరీక్షించినప్పుడు, వానిలో శ్రేష్ఠమైనవి కదలుచున్న వస్తువును 810 మొదలు 900 మీటర్ల దూరమునుండి గుర్తుపట్టినవి; అదే వస్తువు కదలకున్నప్పుడు 585 మీటర్లకు మించి గుర్తుపట్టలేకపోయినవి. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. పిలుపునకును దీనికిని సంబంధము కలదు.

వేట యనునది ఒక్క పని కాదు. అమెరికా దేశమున కుక్కల నడవడిని పరిశోధించిన రేమండ్ కాపింజరును, ఆయన భార్య లోర్నా కాపింజరును 2001లో ప్రకటించిన గ్రంథమున దీనిని గొలుసువలె వివరించిరి. జంతువు వైపునకు తిరుగుట, కన్నార్పక చూచుట, పొంచి నడచుట, తరుముట, పట్టుట, చంపుట, చీల్చుట, తినుట అను పనులు ఆ గొలుసులోని లంకెలు. తోడేలునందు ఈ లంకెలన్నియు సంపూర్ణముగ నుండును. మనుష్యుడు తరతరములుగ తనకు కావలసిన పిల్లలను ఏరి పెంచుటచే కుక్కజాతులలో కొన్ని లంకెలు బలిసినవి, కొన్ని సన్నగిల్లినవి. మందను తోలు కుక్కయందు చూచుట, పొంచుట, తరుముట బలిసి, చంపుట సన్నగిల్లినది. మందకు కావలికాయు కుక్కయందు తరుముటయే సన్నగిల్లినది. వేటకుక్కయందు తరుముట మిక్కిలి బలిసినది. కొల్లేటి ప్రాంతపు రైతులు జోనంగి కుక్కలను బాతులమందలు తోలుటకు వాడుకొనిరి. తరుము స్వభావమును వేళ్లతో పెఱికివేయలేకపోయినను, దానిని వంచి పనికి తెచ్చుకొనవచ్చు ననుటకు ఇంతకంటె వేఱు సాక్ష్యము అక్కఱలేదు.

ఇచట మీరు ముఖ్యముగ గమనింపవలసిన దొకటి కలదు. వేటకుక్కకు తరుముటవలన వచ్చు ప్రతిఫలము కుందేలు మాంసము కాదు, తరుముటయే ప్రతిఫలము. అందుచేతనే పుట్టి బుద్ధెఱిగిన తరువాత ఒక్క కుందేలునైన పట్టని కుక్కయు నిత్యము తరుముచుండును. పరుగెత్తిన ప్రతిసారియు దానికి కూలి చేతికందుచున్నది. మనము దూరమున నిలిచి అరచునప్పుడు, "ఆ కూలి మానుకొని రమ్ము" అని యడుగుచున్నాము. మనమిచ్చు కూలి యంతకంటె హెచ్చుగ నుండనిచో అది యేల రావలెను? పైగా గ్రేహౌండువంటి మేలుజాతి వేటకుక్క గంటకు 60 కిలోమీటర్లకు మించిన వేగముతో పరుగెత్తగలదు. అనగా మీరు దాని పేరు మూడుసార్లు పిలుచులోపల, మూడు సెకనులలో, అది ఏబది మీటర్లు దాటిపోవును. ఆ సమయమున అది మీ మాట వినకుండుట పొగరు కాదు. దాని మనస్సంతయు ముందు పరుగెత్తు దానిమీదనే యున్నది.

పిలుపును చెడగొట్టు మూడు తప్పులు

మొదటిది, రాదని తెలిసియు పిలుచుట. కుక్క పరుగులో నున్నప్పుడు "రా, రా" యని ఇరువదిసార్లు అరచినచో, ఆ మాటకు అర్థమేమియు లేదని ఇరువదిసార్లు నేర్పినట్లే. వాడుకలేని నాణెమువలె ఆ మాట చెల్లకుండ పోవును.

రెండవది, అయిష్టమైన పనికై పిలుచుట. స్నానము చేయించుటకు, మందు పోయుటకు, గొలుసు వేయుటకు మాత్రమే పిలుచువారు కలరు. కుక్క తెలివిగలది. పిలుపు వినగానే ఆటయు స్వేచ్ఛయు ముగియునని గ్రహించి దూరముగ తొలగును. అట్టి పనులున్నప్పుడు పిలువక, మీరే నడచి దానికడకు పోవుడు.

మూడవది, వచ్చినదానిని దండించుట. ఇది అన్నిటికంటె చెడ్డది. కుక్క అరగంట క్రిందట చేసిన తప్పునకు ఇప్పుడు కొట్టుచున్నామని మనము తలంతుము. కుక్కకు ఆ లెక్క తెలియదు. అది చిట్టచివరకు చేసిన పని యేది? మీకడకు వచ్చుట. దెబ్బ దానికే తగులును. కావున ఎంత యాలస్యముగ వచ్చినను, ఎంత కోపముగ నున్నను, వచ్చిన కుక్కను ఆదరింపవలెను. కోపమాపుకొనలేనిచో వెనుకకు తిరిగి పది అంకెలు లెక్కించి, పిమ్మట దాని వైపునకు తిరుగుడు.

ఇదివఱకే పాడైన పిలుపును బాగుచేయుటకంటె క్రొత్తమాట నేర్పుట సులభము. ఇన్నాళ్లును "రా" యని పిలిచినవారు ఆ మాటను విడిచి, వేఱొక మాటనుగాని ఈలనుగాని మొదటినుండి నేర్పుడు.

కావలసిన సామగ్రి

ఇందులకు పెద్ద వ్యయమక్కఱలేదు. పది మొదలు పదునైదు మీటర్ల పొడవుగల గట్టి నూలుపగ్గమొకటి, ఱొమ్మును వీపును చుట్టివచ్చు పట్టీ యొకటి, ఈల యొకటి, తినుబండారములకు చిన్న సంచి యొకటి. పొడవైన పగ్గమును మెడపట్టీకి ఎన్నడును కట్టరాదు. వేగముగ పరుగెత్తు కుక్క పగ్గము చివర ఒక్కసారిగ ఆగినచో మెడయెముకలకును కంఠమునకును గాయమగును. పగ్గమును మీ చేతికి చుట్టుకొనవలదు, వ్రేళ్లు తెగును.

ఈల యేల యందురా? మనుష్యుని గొంతులో కోపమును భయమును తెలిసిపోవును. ఈల యెవరూదినను ఎప్పుడూదినను ఒక్కటే ధ్వని. ఇంటిలోని ఆడువారు, పిల్లలు, పాలేర్లు అందఱును అదే ధ్వనితో పిలువవచ్చును. గాలికెదురుగను దూరముగను వినబడును. మనుష్యునకు సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వని వినబడదు. కుక్కకు సుమారు 45,000 వఱకు వినబడును. కాని మన పనికి సాధారణమైన ఈలయే చాలును.

తినుబండారమనగా నిత్యము పెట్టు సంకటి ముద్ద కాదు. ఉడికించిన కోడికార్జము, మాంసపు ముక్కలు, కోడిగ్రుడ్డు మొదలగు దానికి మిక్కిలి ఇష్టమైనవి పిలుపునకై ప్రత్యేకముగ నుంచవలెను. ముక్క చిటికెనవ్రేలి గోరంత చాలును. ఉల్లిపాయ, ద్రాక్ష, చాకొలేటు కుక్కలకు హానికరములు. ఉడికిన ఎముకలు ముక్కలై ప్రేవులలో గ్రుచ్చుకొనును, వానిని పెట్టరాదు.

పాఠక్రమము

మొదటి మెట్టు. మొదటి వారమున కుక్కను ఏమియు అడుగరాదు. అది మీ ప్రక్కనే యుండగా ఈల యూది, వెంటనే ముక్క నోటికందింపుడు. దినమునకు పది పదునైదుసార్లు, మూడు నాలుగు పర్యాయములుగ విడదీసి చేయుడు. రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లొవ్, జీర్ణక్రియను గూర్చిన పరిశోధనకు 1904లో నోబెలు బహుమానము పొందినవాడు, ఆహారమునకు ముందు ఒక ధ్వనిని పలుమాఱు వినిపించినచో తరువాత ఆ ధ్వనికే కుక్క నోట లాలాజలమూరునని కనుగొనెను. మనకు కావలసినదియు అదియే. ఈల వినినంతనే, ఆలోచింపకయే, కుక్క తల మీ వైపునకు తిరుగవలెను.

రెండవ మెట్టు. ఇంటి వాకిటిలో ఐదడుగులు, పదడుగులు, ఇరువది యడుగులు దూరమునుండి ఈల యూదుడు. ఒక్కసారియే యూదుడు. అది రాగానే ఒక ముక్క కాదు, ఒకదాని వెంట ఒకటిగ ఐదాఱు ముక్కలు పెట్టుచు మెచ్చుకొనుడు. తరువాత దానిని మరల ఆటకు విడువుడు. పదిసార్లు పిలిచి తొమ్మిదిసార్లు మరల విడిచిపెట్టినచో, పిలుపు స్వేచ్ఛకు ముగింపు కాదని అది తెలిసికొనును. ముక్క నిచ్చునప్పుడు రెండవచేతితో మెడపట్టీని మెల్లగ తాకుడు. చేతిని చూచి జంకని కుక్కనే అవసరమున పట్టుకొనగలము. చుక్కకు నేను నేర్పకపోయినది ఇదియే.

మూడవ మెట్టు. పగ్గము కట్టి, కోతయైన చేనిలోనికి తీసికొనిపోవుడు. పగ్గమును నేలమీద జారనిండు. కుక్క ఏదో వాసన చూచుచుండగా ఈల యూదుడు. వచ్చినచో మంచిదే. రానిచో రెండవమాఱు ఊదవలదు. పగ్గమును మెల్లగ బిగించి ఆపి, మీరు వెనుకకు వేగముగ నడువుడు. ఇందాక చెప్పిన 1936నాటి పరీక్ష యిచట పనికివచ్చును: కదలకుండ నిలిచి అరచువాడు దూరమున కుక్క కంటికి మోడువలె నుండును. చేతులాడించుచు, ఎదురుదిక్కునకు పరుగెత్తువానిని అది వెంటనే చూచును. తరుము స్వభావముగల కుక్క పరుగెత్తుదాని వెంటబడుట సహజము. పరుగెత్తుకొని దాని మీదికి పోరాదు. అట్లు పోయినచో అదియొక యాటయని పాఱిపోవును.

నాలుగవ మెట్టు. ఇప్పుడు ఆకర్షణలు చేర్పవలెను. మొదట చాల దూరమున కట్టివేసిన మేకలు. కొన్ని దినములకు దగ్గఱగ మేకలు. తరువాత కదలుచున్న కోళ్లు. దూరము తగ్గించునప్పుడు కుక్క తప్పినచో, తొందరపడినవారము మనమే. మరల వెనుకటి దూరమునకు పోవలెను. విత్తిన మఱునాడే కోతకు కొడవలి పట్టువాడుండడు గదా.

ఐదవ మెట్టు. ఇది వేటకుక్కలకు ముఖ్యమైనది. అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు డేవిడ్ ప్రిమాక్ 1959లో ఒక సూత్రమును ప్రతిపాదించెను. జీవి యెక్కువగ కోరు పనిని, తక్కువగ కోరు పనికి బహుమానముగ నిచ్చినచో, ఆ రెండవ పని బలపడు నని దాని తాత్పర్యము. వేటకుక్క అన్నిటికంటె ఎక్కువగ కోరునది తరుముటయే. కావున తరుముటనే కూలిగ నిండు. మూడు నాలుగు మూరల కఱ్ఱచివర త్రాటికి పసుపుపచ్చనిదిగాని నీలముదిగాని గుడ్డపేలికను కట్టుడు. ఎఱ్ఱని గుడ్డ పచ్చగడ్డిలో దానికి స్పష్టముగ కనబడదు. కుక్క దూరమున నున్నప్పుడు ఈల యూదుడు. అది మీకడకు రాగానే ఆ పేలికను నేలమీద పరుగెత్తించి, దానిని తరుమనిండు, పట్టుకొని లాగనిండు. క్రమక్రమముగ కుక్క బుద్ధిలో లెక్క తలక్రిందులగును. ఇదివఱకు మీకడకు వచ్చిన వేట పోవును. ఇప్పుడు మీకడకు వచ్చిననే వేట దొరకును.

కొన్ని వారములు గడచిన పిమ్మట, పేలికను తరుముచుండగనే ఈల యూది మరల్చుట నేర్పవచ్చును. ఇందులో పేలికను ఆడించువాడు వేఱొకడై యుండవలెను. ఈల వినబడగానే అతడు పేలికను గోనెసంచిలో దాచివేయవలెను. మీకడకు వచ్చిన కుక్కకు మీవద్దనున్న రెండవ పేలిక దొరకవలెను.

ఆఱవ మెట్టు. నేర్చుకొన్న తరువాత కూలి మానరాదు. ఒకనాడు కార్జము, ఒకనాడు పేలికయాట, ఒకనాడు ఉత్త మెచ్చుకోలు, ఒకనాడు గుప్పెడు మాంసము. ఏనాడు ఏది దొరకునో తెలియనప్పుడు కుక్క మఱింత యాశతో వచ్చును. కొందఱు నేర్పు పూర్తియైనదని అంతయు మానివేసి, ఆఱునెలలకు కుక్క చెడినదని వాపోవుదురు. ఎరువు వేయని చేనికి పంట తగ్గిన, తప్పు చేనిదా?

ఈ మెట్లన్నియు ఎక్కుటకు నాలుగు మొదలు ఆఱు మాసములు పట్టునని యెంచుకొనుడు. దినమునకు పది నిమిషములు చాలును. కడుపునిండ తిన్నవెంటనే పరుగెత్తింపరాదు. వేసవిలో ప్రొద్దెక్కకమునుపే ముగింపవలెను. వేగముగ పరుగెత్తు కుక్క ఎండదెబ్బచే నిమిషములలో ప్రాణము కోల్పోగలదు.

వేట మొదలగు క్షణమున

గొలుసులోని మొదటి లంకెలను జ్ఞాపకము తెచ్చుకొనుడు. తరుముటకు ముందు తిరుగుట, చూచుట, పొంచుట గలవు. కుక్క ఒక్కసారిగ కదలక నిలుచును, చెవులు ముందునకు నిక్కును, తోక బిగియును, నోరు మూసికొనును, ముందుకాలొకటి పైకి లేచును. ఇది రెండు మూడు సెకనులు మాత్రమే. పిలువవలసిన సమయము ఇదియే. ఈ లంకె తెగినచో తరువాతిది కదలదు. ఇది దాటిపోయినచో చక్కగ నేర్చిన కుక్కయు తప్పవచ్చును. కావున చేనిలో నడచునప్పుడు యజమాని కన్ను కుక్కమీద నుండవలెను. నేడు చేతిలోని ఫోను చూచుచు నడచువాడు ఈ రెండు సెకనులను ఎన్నడును చూడజాలడు.

అది పోయినదే యనుకొనుడు. ఒక్కసారి ఈల యూదుడు; తరువాత అరవవలదు. మీరు నిలిచినచోటనే నిలువుడు. వేటకుక్క సాధారణముగ తాను బయలుదేరిన చోటునకే తన యడుగుల వాసన పట్టుకొని తిరిగివచ్చును. ప్రొద్దుగ్రుంకినచో మీ కండువాను, ఒక గిన్నెలో నీటిని అచట నుంచి, మఱునాడు తెల్లవారగనే పోయి చూడుడు. తిరిగివచ్చిన కుక్కకు కార్జమే పెట్టుడు. నాకు ఈ మాట చెప్పుట సులభము. చేయుట యెంత కష్టమో నేనెఱుగుదును.

పిలుపు ఒక్కటియే చాలదు

నేర్పు ఎంత చక్కనిదైనను నూటికి నూఱుపాళ్లు నమ్మదగినది కాదు. కావున కొన్ని జాగ్రత్తలు విడువరాదు.

కుక్కపిల్లను మూడవ వారము మొదలు పండ్రెండవ వారములోపల గొఱ్ఱెలు, మేకలు, కోళ్లు, దూడల నడుమ మెలగనిండు. ఆ వయస్సున పరిచయమైనవి దానికి ఇంటివారివలె నుండును. మొక్కై వంగనిది మానై వంగునా యను సామెత ఇచట అక్షరాల నిజము.

పెద్దదారుల సమీపమునను, గొఱ్ఱెలు ఈను కాలమునను, మునిమాపువేళలందును పగ్గము విప్పరాదు. అట్లని దినమంతయు గొలుసున కట్టివేయవలదు. కట్టివేసిన కుక్క విడిచినంతనే కనబడినదానినెల్ల తరుమును. ఉదయమునను సాయంకాలమునను పగ్గముతో నడిపించి, పేలికయాట ఆడించినచో దాని పరుగుదాహము తీరును.

విద్యుద్ఘాతము కలిగించు మెడపట్టీలను కొందఱు అమ్ముచున్నారు. వానిని కొనవలదు. నొప్పి కలిగిన క్షణమున కుక్క యెదుట గొఱ్ఱె యున్నచో గొఱ్ఱెమీద, బిడ్డ యున్నచో బిడ్డమీద పగబట్టవచ్చును. వేల్సు దేశమున 2010లోనే వీనిని నిషేధించిరి.

కుందేలు, కృష్ణజింక, నెమలి మొదలగునవి 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టముచే కాపాడబడుచున్నవి. చంపుటయే కాదు, తరుముటయు, అందులకు ప్రయత్నించుటయు చట్టము దృష్టిలో వేటయే. కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రమృగము. తెలంగాణమున కృష్ణానదీ ప్రాంతపు చేలలోను మందలుగ తిరుగును. అవి పైరు మేయుచున్నవని కుక్కను ఉసికొల్పినవాడు శిక్షార్హుడు. పైరునష్టమును అటవీశాఖవారికి తెలుపుకొనుటయే మార్గము. కుక్కను వేటకు నేర్పుటకు నేను ఈ మాటలు చెప్పుటలేదు. వేటనుండి మరల్చుటకు చెప్పుచున్నాను.

తరుము కుక్క నక్కలను, ఊరకుక్కలను ఎదుర్కొనక మానదు. వానివలన వెఱ్ఱికుక్క వ్యాధి సంక్రమింపవచ్చును. లక్షణములు కనబడిన తరువాత ఆ వ్యాధికి బ్రతుకు లేదు. మూడు మాసముల వయస్సున మొదటి టీకా వేయించి, పిదప పశువైద్యుడు చెప్పినట్లు ఏటేట వేయించుడు. మనుష్యునకు కుక్కకాటు తగిలినచో గాయమును వెంటనే సబ్బుతోను పాఱునీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక వైద్యశాలకు పోవలెను. పసరులు, కారము పూయరాదు.

కడపటి జాగ్రత్త బావిది. మీ పొలమున పాడుబావి యున్నచో పిట్టగోడ కట్టింపుడు. కట్టించు స్తోమత లేనిచో ముండ్లకంప యైనను చుట్టును వేయుడు. దానిలో పడునది ఎల్లప్పుడు కుక్కయే కాకపోవచ్చును.

ముగింపు

సోదరులారా! చెప్పినదంతయు మఱచిపోయినను నాలుగు మాటలు జ్ఞాపకముంచుకొనుడు. ఒక్కసారియే పిలువుడు. వచ్చిన ప్రతిసారియు కూలి నిండు. పరుగు మొదలుకాకమునుపే పిలువుడు. వచ్చినదానిని ఎన్నడును కొట్టకుడు.

చుక్క పోయిన రెండేండ్లకు దాని పిల్లకు పుట్టిన పిల్ల యొకటి నా యింటికి వచ్చినది. దానికి పైన చెప్పిన క్రమముననే నేర్పితిని. గడచిన కార్తికమున కందిచేనిలో కుందేలు లేచినప్పుడు దాని చెవులు నిక్కినవి, ముందుకాలు లేచినది. నేను ఈల యూదితిని. అది ఒక్కసారి కుందేలు వంక, ఒక్కసారి నా వంక చూచినది. ఎంత సేపు చూచెనో చెప్పలేను. నాకు అది చాల సేపుగ తోచినది. పిమ్మట వెనుకకు తిరిగి పరుగెత్తివచ్చి, నా చేతిక్రింద తల యుంచినది. సంచిలోనున్న కార్జమంతయు దానికే పెట్టితిని. ఆ బావికి ఇప్పుడు పిట్టగోడ యున్నది. అయినను ఆ ప్రక్కగ పోవునప్పుడు నా చేయి దానంతట అదే ఈలమీదికి పోవును.